వైద్యులకొక సంఘం

కాన్సర్ రోగి ఎదుట కూర్చున్న వైద్యుని మనస్సులో ఎన్నో ప్రశ్నలు మెదులుతాయి. కణితిని శస్త్రచికిత్సతో తొలగించాలా, కిరణాలతో నశింపజేయాలా, మందులతో అణచాలా? దేని తరువాత ఏది? ఒక వైద్యుడు తన జీవితకాలంలో చూసే రోగుల అనుభవం ఈ ప్రశ్నలకు చాలదు. పది దేశాల అనుభవాన్ని ఒకచోట చేర్చి తూచవలసి ఉంటుంది. ఐరోపాలోని కాన్సర్ వైద్యులు ఏర్పరచుకొన్న సంఘం ఈ పనినే చేస్తున్నది.

ఇది 1975లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో పుట్టింది. నేడు దీనిని యూరోపియన్ సొసైటీ ఫర్ మెడికల్ ఆంకాలజీ, క్లుప్తంగా ‘ఎస్మో’ అంటారు. అప్పటికి మందులతో కాన్సర్‌ను ఎదుర్కోవడం కొత్త విద్య. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ విద్యకు పునాది వేసినవారిలో ఒకరు. ఆయన బృందం అందించిన అమినోప్టెరిన్‌నే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్‌తో బాధపడే పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలను ప్రకటించాడు. అయితే అటువంటి మందులిచ్చే వైద్యుడు ఏమి చదవాలి, ఎంత నేర్వాలి అన్న విషయంలో ఐరోపాలో దేశానికొక పద్ధతి ఉండేది. సంఘం 1989 నుండి అందరికీ ఒకే పరీక్ష నిర్వహించసాగింది. ఐరోపా సమాఖ్య ఈ విద్యను ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించింది మాత్రం 2011లోనే!

ఏ దశలో ఏ చికిత్స మేలో తెలిపే మార్గదర్శక సూత్రాలను సంఘంలోని నిపుణులు రచిస్తారు. అవి శాసనాలు కావు. రోగి వయస్సును, శక్తిని, ఇష్టాన్ని బట్టి వైద్యుడు వాటిని అన్వయించుకోవాలి.

వీటికంటె సాహసోపేతమైన పని 2015లో జరిగింది. కొత్త మందు ‘ఆయువును పెంచుతుంది’ అంటారు. ఆ పెంపు ఏళ్లా, నెలలా, కొద్ది వారాలేనా? పొలం తాకట్టు పెట్టి మందు కొనే కుటుంబానికి ఈ భేదం చిన్నది కాదు. అందుకని సంఘం మందుల మేలును కొలిచే ఒక కొలమానాన్ని రూపొందించింది. వ్యాధిని నయం చేసే ఉద్దేశంతో ఇచ్చే చికిత్సలకు ఏ, బి, సి అనే శ్రేణులు, నయం కాని దశలో ఇచ్చేవాటికి 5 నుండి 1 వరకు అంకెలు నిర్ణయించింది. ఏ, బి, 5, 4 పొందినవి గణనీయమైన మేలు చేసేవి. ఆయువుతో పాటు జీవన నాణ్యతనూ, దుష్ఫలితాలనూ ఇందులో లెక్కిస్తారు. మందు వెలను మాత్రం లెక్కించరు. అత్యవసర మందుల పట్టికను తయారుచేసేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సైతం ఈ కొలమానాన్ని పరిశీలిస్తున్నారు.

ఇక్కడ ఒక సందేహం సహజం. వైద్యసంఘాల మహాసభలకు ఔషధ సంస్థల నుండి ధనం అందుతుంది కదా, ఆ సంస్థల మందులను సంఘం నిష్పక్షపాతంగా తూచగలదా? నిపుణులు తమకు ఏ సంస్థతో ఏ సంబంధమున్నదో బహిరంగంగా ప్రకటించాలన్న నియమం ఇందుకే ఏర్పడింది. నియమమున్నంత మాత్రాన సందేహం పూర్తిగా తీరదు. కాని దాపరికం కంటె అది నయం.

నయం కాని దశలో రోగి కోరేది నొప్పి తగ్గడం. అందుకు మార్ఫిన్ ఉన్నది, అది చవకైనదే. అయినా అనేక దేశాలలో రోగికి అందడం లేదని సంఘం ఇతర సంస్థలతో కలిసి జరిపిన సర్వేలో 2013లో వెల్లడైంది. ఆ సర్వేలో భారతదేశం కూడా ఉన్నది. మాదకద్రవ్యాలను అరికట్టేందుకు మన దేశంలో 1985లో చేసిన చట్టం వలన ఆసుపత్రులకు మార్ఫిన్ తెప్పించుకోవడమే కష్టమైంది. ఒక్కొక్క రాష్ట్రంలో అనేక అనుమతులు అవసరమయ్యేవి. మన దేశంలోని ఉపశమన వైద్యులు ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలితంగా 2014లో ఆ చట్టాన్ని సవరించి అనుమతులను సులభతరం చేశారు. అయినా మార్ఫిన్ నిల్వ ఉంచే ఆసుపత్రి, దానిని వాడడంలో శిక్షణ పొందిన వైద్యుడు ప్రతి జిల్లాలోని రోగికి అందుబాటులోకి రావలసి ఉన్నది.