ఆగడం నేర్చుకునే గుర్రం

హైదరాబాదులో మలక్‌పేట మీదుగా బస్సులో వెళ్ళేవాళ్ళు అక్కడి రేస్‌కోర్సును చూసే ఉంటారు. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, గుర్రప్పందేలు మౌలాలీ నుంచి అక్కడికి మారాయి. గేట్లు తెరుచుకోగానే పది పన్నెండు గుర్రాలు ఒక్కుమ్మడిగా దూకుతాయి. వాటి వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. రెండు నిమిషాలు తిరక్కుండానే అంతా అయిపోతుంది. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఇళ్ళకు పోతారు. పందేలు కాసి ఎన్ని కొంపలు ఆరిపోయాయో అది వేరే కథ. మనకు కావలసింది గుర్రం. పందెం ముగిశాక, అంటే ఆ ఒక్క పందెం కాదు, పందేలన్నీ ముగిశాక ఆ గుర్రం ఏమవుతుంది?

ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. పందెపు గుర్రం రెండేళ్ళకే పరుగు మొదలుపెడుతుంది. ఐదారేళ్ళు వచ్చేసరికి చాలావాటి పని అయిపోతుంది. వేగం తగ్గటమో, కాలు దెబ్బతినటమో, అసలు మొదటినుంచీ గెలవకపోవటమో ఏదో ఒకటి జరుగుతుంది. గుర్రం ఆయుష్షు మాత్రం పాతిక సంవత్సరాల పైమాటే. అంటే దాని ముందు ఇంకా ఇరవై ఏళ్ళ జీవితం ఉంటుంది. ఆ ఇరవై ఏళ్ళూ దాణా వేసేదెవరు? “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని మనవాళ్ళు ఊరికే అనలేదు. 450 కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది పది కిలోల మేత, ముప్ఫై నలభై లీటర్ల నీళ్ళు కావాలి. ఐదారు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. పని చెయ్యని గుర్రానికి ఈ ఖర్చంతా పెట్టేవాళ్ళు తక్కువ.

అమెరికాలో ఫెర్డినాండ్ అనే గుర్రం ఉండేది. 1986లో కెంటకీ డెర్బీ గెలిచింది. మరుసటి ఏడు ఆ దేశంలోకెల్లా మేటి గుర్రంగా ఎంపికైంది. తర్వాత దాన్ని పిల్లల్ని కనే గుర్రాల మందకు పోతుగా జపాను పంపారు. అక్కడ గిరాకీ తగ్గింది. 2002లో అది కబేళాకు చేరిందన్న వార్త బయటపడినప్పుడు పందేల ప్రపంచమంతా సిగ్గుపడింది. అంత పేరున్న గుర్రానికే ఆ గతి పడితే, పేరులేని వేలకొద్దీ గుర్రాల సంగతి చెప్పేదేముంది?

అందుకే ఇటువంటి గుర్రాలను దత్తు తీసుకుని, కొత్త పని నేర్పి, కొత్త యజమానికి అప్పగించే సంస్థలు పుట్టుకొచ్చాయి. బ్రిటన్‌లో పందేల నిర్వాహకులే ఇందుకోసం 2000లో ఒక ప్రత్యేక సంస్థను పెట్టారు. దత్తు పత్రంలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది: ఈ గుర్రాన్ని మళ్ళీ పందేలకు దింపకూడదు. సరే, కాగితం మీద సంతకం పెట్టి గుర్రాన్ని ఇంటికి తెచ్చుకున్నారనుకుందాం. మర్నాడే జీను వేసి ఎక్కవచ్చా? ఎక్కితే ఏమవుతుందో చూద్దాం.

ముందు ఆ శరీరం ఎటువంటిదో తెలియాలి. పందెపు గుర్రాల జాతిని థరోబ్రెడ్ అంటారు. పదిహేడో శతాబ్దం చివర, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో తూర్పుదేశాల నుంచి ఇంగ్లండుకు తెచ్చిన మూడు పోతు గుర్రాల వంశం ఇది. ఈనాటి ఏ థరోబ్రెడ్ తండ్రి, తాత, ముత్తాతలను వెతుక్కుంటూ వెళ్ళినా ఆ మూడింటిలో ఒకదాని దగ్గరికి చేరవలసిందే. మూడు వందల ఏళ్ళుగా మనిషి దీనిలో ఏరి ఏరి పెంచిన గుణం ఒక్కటే, వేగం. ఊరికే నిలబడి ఉన్నప్పుడు దీని గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. పరుగులో అది 220 దాటుతుంది. ఇంకో విచిత్రం ప్లీహంలో ఉంది. గుర్రం తన ఎర్ర రక్తకణాల్లో పెద్ద వాటాను అక్కడ దాచుకుంటుంది. పరుగు మొదలవగానే ప్లీహం ముడుచుకుని, ఆ నిల్వను రక్తంలోకి వదిలేస్తుంది. మరికొంత ఆక్సిజన్ మోసే కూలీలు హఠాత్తుగా పనిలోకి దిగినట్టన్నమాట.

ఇక కాళ్ళు. గుర్రం ముందుకాలికి మనం మోకాలు అనుకునేది నిజానికి మన చేతి మణికట్టుకు సమానం. అక్కడినుంచి కిందికి కండరాలు లేవు. ఎముకలూ వాటిని పట్టి ఉంచే స్నాయువులే. ఒక్కొక్క కాలూ నిలబడేది ఒకే ఒక్క వేలి మీద, మన మధ్యవేలికి సమానమైన దాని మీద. గిట్ట ఆ వేలి గోరు! దౌడులో గుర్రం శరీరమంతా ఒక్క క్షణంపాటు ఆ ఒక్క గోటి మీద దిగుతుంది. దాని బరువుకు రెండున్నర రెట్ల భారం ఆ కాలి మీద పడుతుంది. కాలి వెనకవైపు పొడవాటి స్నాయువు స్ప్రింగులా సాగి, శక్తిని దాచి, తిరిగి ఇస్తుంది. ఇచ్చేటప్పుడు కొంత వేడిగా మారుతుంది. దౌడు తీస్తున్న గుర్రం స్నాయువు మధ్యభాగంలో 45 డిగ్రీల వేడి కొలిచారు. ఇలా రోజూ సాగి వేడెక్కే స్నాయువులో పోగులు తెగడం పందెపు గుర్రాల్లో మామూలు జబ్బు. అది అతుక్కోవటానికి తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది. అతుక్కున్నాక కూడా అక్కడ మచ్చ మిగులుతుంది, పాత సాగుడు గుణం పూర్తిగా రాదు. కాబట్టి దత్తు తీసుకునే ముందు పశువైద్యుడు మొట్టమొదట తడిమి చూసేది కాళ్ళనే. అతని మాటను బట్టే గుర్రానికి ఏ పని నేర్పాలో నిర్ణయిస్తారు. ఎత్తులు దూకించగలమా, మెల్లగా స్వారీకే సరిపోతుందా, లేక ఏ పనీ పెట్టకుండా పచ్చికలో వదిలెయ్యాలా? ఈ చివరిది కూడా తప్పు నిర్ణయమేమీ కాదు.

తర్వాత కడుపు. పందెపు గుర్రం రోజుకు ఇరవై రెండు గంటలు లాయంలోనే ఉంటుంది. వేగం కోసం దానికి గడ్డి తగ్గించి, గింజలు ఎక్కువ పెడతారు. కాని ప్రకృతి గుర్రాన్ని రోజంతా గడ్డి కొరుక్కు తినేందుకు తయారుచేసింది. దాని జీర్ణాశయంలో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే వస్తుంది. గింజలు పది నిమిషాల్లో నమిలి మింగేస్తే మిగతా గంటలన్నీ ఆమ్లానిదే రాజ్యం. పైగా పరుగులో ఆ ఆమ్లం ఎగిరి, రక్షణ పొర లేని పైభాగం మీద పడుతుంది. అందుకే పందెపు గుర్రాల్లో ఎక్కువభాగానికి కడుపులో పుండ్లుంటాయి. జీను వెయ్యబోతే కొరకటానికి వచ్చే గుర్రాన్ని చూసి పొగరనుకుంటాం. చాలాసార్లు అది నొప్పి.

మేత మార్చాలి సరే, ఒక్కరోజులో మార్చకూడదు. గుర్రం పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతుంటాయి. మేత మారితే ఆ జీవులూ మారాలి, అందుకు పది పదిహేను రోజులు పడుతుంది. తొందరపడితే కడుపునొప్పి వస్తుంది. మనకైతే వాంతి అయి తేరుకుంటాం, గుర్రం వాంతి చేసుకోలేదు. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

అందుకని అనుభవమున్నవాళ్ళు తెచ్చిన గుర్రాన్ని కొన్ని వారాలు, కొందరైతే కొన్ని నెలలు ఊరికే వదిలేస్తారు. పందేలకోసం కొట్టిన తేలికపాటి అల్యూమినియం నాడాలు ఊడదీస్తారు. పచ్చిక బయట్లో మరో నెమ్మదైన గుర్రం పక్కన తిప్పుతారు. మొదటి రోజుల్లో అది కంచె వెంట అటూ ఇటూ పరిగెడుతుంది. ఎప్పుడు తింటారో, ఎప్పుడు పరిగెత్తిస్తారో గడియారం ప్రకారం అలవాటైన జీవి కదా, ఇంత తీరిక దొరికితే ఏం చేసుకోవాలో దానికి తెలియదు. మెల్లమెల్లగా తల వంచి గడ్డి కొరకడం మొదలుపెడుతుంది.

అసలు చదువు ఆ తర్వాత. ఇక్కడే మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మామూలు స్వారీ గుర్రం పగ్గాలు లాగితే ఆగుతుంది. పందెపు గుర్రానికి పగ్గం అర్థం వేరు. జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే గుర్రం ఆ కళ్ళెం మీద వాలి, దాని ఆసరాతో దౌడు తీస్తుంది. అంటే బిగుసుకున్న పగ్గం దానికి పరుగు గుర్తు. ఇప్పుడు కొత్తగా ఎక్కినవాణ్ణి ఊహించండి. గుర్రం కాస్త వేగంగా కదలగానే భయపడి పగ్గాలు లాగుతాడు. గుర్రం వేగం పెంచుతుంది. ఇంకా గట్టిగా లాగుతాడు. గుర్రం ఇంకా పెంచుతుంది. “మొండి గుర్రం, మాట వినదు” అని తర్వాత చెప్పుకుంటారు. పాపం, అది విన్నంత బాగా ఎవరూ వినలేదు!

కాళ్ళ సంగతీ అంతే. జాకీ రికాబులు పొట్టిగా కట్టుకుని గుర్రం వీపుమీద గొంతుక్కూర్చున్నట్టు ఉంటాడు. అతని కాళ్ళు గుర్రం డొక్కలకు ఆనవు. మామూలు రౌతు కాళ్ళు రెండువైపులా వేళ్ళాడుతుంటే అదేమిటో తెలియక బెదురుతుంది. ఎక్కేటప్పుడు నిలబడడం కూడా రాదు. జాకీని కాలు పట్టి పైకి ఎత్తి కూర్చోబెడతారు, చాలాసార్లు గుర్రం నడుస్తూ ఉండగానే.

మరి పాత అర్థాన్ని చెరిపి కొత్తది ఎలా రాస్తారు? సూత్రం తేలికే. పగ్గాన్ని మెత్తగా బిగిస్తారు, గుర్రం కొంచెం నిదానించిన మరుక్షణం వదిలేస్తారు. బిగించడం కంటే వదలడం ముఖ్యం. గుర్రం నేర్చుకునేది వదిలిన క్షణంలోనే. “ఓహో, నేను నిదానిస్తే నోటి మీద బరువు పోతుందన్నమాట” అని. రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వదిలారా, అది ఆ సమయానికి తల విదిలిస్తుంటే తల విదిలించడమే నేర్చుకుంటుంది. ఎక్కకముందే, నేలమీద నిలబడి పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పుతూ ఈ పాఠం మొదలుపెడతారు. ఆగమనే మాటను, పగ్గాన్ని, వీపుమీద బరువు వెనక్కి మోపడాన్ని జతచేస్తారు.

గుండ్రంగా తిరగడమూ కష్టమే. అమెరికాలో పందేలు దాదాపు అన్నీ ఎడమవైపు మలుపులతోనే సాగుతాయి. అక్కడి గుర్రానికి కుడివైపు తిరగడం మనం ఎడమచేత్తో రాసినట్టే. పైగా స్వారీ బడిలో వలయం అడ్డకొలత 20 మీటర్లే. వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించండి. సెకనుకు 4 మీటర్ల వేగంతో వెళ్తే గుర్రం మీద కేంద్రం వైపు త్వరణం 1.6 వస్తుంది. వేగం రెట్టింపైతే అది నాలుగు రెట్లై 6.4 అవుతుంది, గురుత్వ త్వరణంలో సుమారు మూడింట రెండు వంతులు. అంత వాలి తిరగడం కుదరదు. కనుక చిన్న వలయమే గుర్రానికి నిదానం నేర్పే గురువు. ఎవరూ లాగనక్కర్లేదు.

గుర్రం మన మనసు చదువుతుందని రౌతులు అంటారు. ఇందులో కొంత నిజముంది. వెనకటికి బెర్లిన్‌లో వాన్ ఆస్టెన్ అనే పెద్దమనిషి దగ్గర హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసేది! మూడూ రెండూ ఎంతంటే గిట్టతో ఐదుసార్లు తట్టేది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు గుట్టు విప్పాడు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల తనకే తెలియకుండా ఇసుమంత కదిలేది. గుర్రం చూసేది దాన్ని. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపిస్తే, కోపపు ముఖం చూసినప్పుడు వాటి గుండె త్వరగా వేగం పుంజుకుంది. అందువల్ల విసుగ్గా ఉన్నరోజున మంచి శిక్షకుడు గుర్రం ఎక్కడు, దువ్వెన పట్టుకుని ఒళ్ళు దువ్వి వస్తాడు.

అమెరికాలో ఈ పనిని జైలులో కూడా చేస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్‌కిల్ జైలు పొలంలో 1984లో రిటైరైన పందెపు గుర్రాలను ఉంచి, సాకే బాధ్యత ఖైదీలకు ఇచ్చారు. గిట్టలు చూడటం, మేత తూచటం, గాయాలకు కట్టు కట్టటం వాళ్ళు నేర్చుకున్నారు. పద్ధతి బాగుందని తర్వాత మరికొన్ని రాష్ట్రాల జైళ్ళూ అందుకున్నాయి.

అదే ఏడు లాస్‌ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఇంకో సంగతి జరిగింది. టచ్ ఆఫ్ క్లాస్ అనే ఆడగుర్రం అంతకుముందు వేరే పేరుతో ఆరు పందేల్లో పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు. ఆ గుర్రాన్నెక్కిన జో ఫార్గిస్ ఎత్తులు దూకే పోటీలో రెండు బంగారు పతకాలు గెలిచాడు, ఒకటి సొంతానికి, ఒకటి జట్టుకు. ఆ ఒలింపిక్స్‌లో అది దూకిన 91 అడ్డంకుల్లో 90 చెక్కుచెదరలేదు. ఆ సంవత్సరం అమెరికా ఒలింపిక్ సంఘం గుర్రపుస్వారీలో ఉత్తమ క్రీడాకారిణి బిరుదును ఎవరికిచ్చిందో తెలుసా? గుర్రానికే!

మన దేశంలోనూ పందేల నుంచి తప్పుకున్న గుర్రాలు స్వారీ బడులకూ, పోలీసు ఆశ్వికదళాలకూ వెళ్తుంటాయి. పోలీసు గుర్రానికి చదువు ఇంకో రకం. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. ముక్కు ముందరి కొంచెం మేరా, తోక వెనకా మాత్రం కనపడదు. వెనకనుంచి డప్పు మోగితే ఏమొస్తోందో తెలియక పరుగెత్తడమే దానికి తెలిసిన రక్షణ. ఎరుపు రంగును మనలా గుర్తించలేదు, నీలం, పసుపు తెలుస్తాయి. గొడుగు తెరిచి చూపటం, దూరంగా డబ్బా మోగించటం, అది తల దించి నిమ్మళించాక ఒక అడుగు దగ్గరికి జరగటం, ఇలా వారాల తరబడి సాగుతుంది. ఒక్కరోజు తొందరపడితే పదిరోజులు వెనక్కి పోతారు.

ఇన్ని నెలల తర్వాత శిక్షకుడు ఒక పరీక్ష పెడతాడు. ఎక్కే బల్ల పక్కన గుర్రాన్ని నిలబెట్టి, పగ్గాలు మెడ మీద వదులుగా వేసి, మెల్లగా జీను మీద కూర్చుంటాడు. ఏ సైగా చెయ్యడు. గుర్రం ఒక చెవి వెనక్కి తిప్పుతుంది. గట్టిగా ఊపిరి వదిలి, ఒక వెనకకాలిని సడలించి, అలాగే నిలబడుతుంది.