లగ్జరీ వాచీల విక్రయంలో సేవాలోపం: నిరీక్షణ, నిరాకరణ, వినియోగదారుల హక్కులు

వ్యాససంగ్రహం

ఎక్కువ ధర చెల్లించే కొనుగోలుదారుకు ఉన్నతమైన సేవ లభిస్తుందన్నది సాధారణ విశ్వాసం. స్విట్జర్లాండ్‌లో తయారయ్యే కొన్ని లగ్జరీ వాచీల విక్రయంలో ఇందుకు విరుద్ధమైన స్థితి కనిపిస్తుంది. అడిగిన వాచీ లేదనడం, ఎప్పుడు వస్తుందో చెప్పకపోవడం, ఇతర వస్తువులు కొన్నవారికే ముందుగా అవకాశమివ్వడం ఈ రంగంలో తరచుగా వినిపించే ఆరోపణలు. వీటిని ఉద్యోగుల మర్యాదాలోపంగా మాత్రమే చూడడం సరిపోదు. క్రమసంఖ్య, గడువు, కారణం లేని నిరీక్షణ జాబితాయే ఈ సేవాలోపానికి మూలమనీ, ఫిర్యాదు బయటికి రాకుండా అణచివేసేది కూడా ఆ జాబితాయేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భారతదేశపు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ విషయంలో కల్పించే అవకాశాలను, వాటి పరిమితులను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లగ్జరీ వాచీ, సేవానాణ్యత, నిరీక్షణ జాబితా, అధీకృత విక్రేత, నిర్బంధ వాణిజ్య విధానం, వినియోగదారుల రక్షణ.

1. ఉపోద్ఘాతం

సేవానాణ్యతను కొలవడానికి పరశురామన్, జైథమల్, బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు 1988లో ‘సెర్వ్‌క్వాల్’ అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. భౌతిక సౌకర్యాలు, విశ్వసనీయత, సత్వర స్పందన, భరోసా, సహానుభూతి అనే ఐదు అంశాల్లో వినియోగదారు ఆశించినదానికీ, పొందినదానికీ మధ్య ఉన్న అంతరమే సేవానాణ్యతకు కొలత అన్నది వారి సిద్ధాంత సారాంశం.

లగ్జరీ వాచీల దుకాణానికి ఈ కొలమానాన్ని అన్వయిస్తే ఒక వైరుధ్యం బయటపడుతుంది. భౌతిక సౌకర్యాలకు అక్కడ కొదవ ఉండదు. మెత్తని ఆసనాలు, చక్కని దీపకాంతి, కాఫీ, చేతితొడుగులతో వాచీని చూపే సిబ్బంది అన్నీ ఉంటాయి. అయితే కొనుగోలుదారు అడిగే ప్రశ్నలు రెండే: వాచీ దొరుకుతుందా, ఎప్పుడు దొరుకుతుంది? ఈ రెండింటికీ స్పష్టమైన సమాధానం రాదు. అంటే మొదటి అంశంలో పూర్తి మార్కులు పొందే దుకాణం, విశ్వసనీయత, సత్వర స్పందన అనే రెండు అంశాల్లో వెనుకబడుతోంది. ఈ అంతరం ఎందుకు ఏర్పడుతోంది? డబ్బు చెల్లించడానికి సిద్ధంగా ఉన్న వ్యక్తి దానిని ఎందుకు సహిస్తున్నాడు? ఈ వ్యాసంలో చర్చించే ప్రధాన విషయాలు ఇవి.

2. కొరతకు నేపథ్యం

జపాన్‌కు చెందిన సీకో సంస్థ 1969 డిసెంబరు 25న ‘ఆస్ట్రాన్’ అనే క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేసింది. తక్కువ ధరకు, ఎక్కువ కచ్చితత్వంతో సమయం చూపే క్వార్ట్జ్ వాచీల ధాటికి స్విస్ పరిశ్రమ కుదేలయింది. 1970 ప్రాంతంలో సుమారు 90 వేలుగా ఉన్న ఆ పరిశ్రమ ఉద్యోగుల సంఖ్య 1980ల మధ్య నాటికి సుమారు 30 వేల స్థాయికి పడిపోయింది. నిలదొక్కుకున్న సంస్థల్లో చాలా భాగం యాంత్రిక గడియారానికి కొత్త అర్థం కల్పించాయి. సమయం తెలుసుకునే పనిముట్టు స్థానంలో హస్తకళాఖండం, హోదాకు గుర్తు, తరతరాలకు అందే ఆస్తి అనే భావనలు వచ్చి చేరాయి.

ఈ పరిణామం ఎగుమతుల లెక్కల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 2011లో స్విట్జర్లాండ్ దాదాపు 3 కోట్ల వాచీలను ఎగుమతి చేయగా ఆ రంగం ఎగుమతుల విలువ సుమారు 1,900 కోట్ల స్విస్ ఫ్రాంకులు. 2023 నాటికి వాచీల సంఖ్య 1 కోటి 70 లక్షలకు లోపే ఉన్నా విలువ 2,600 కోట్ల ఫ్రాంకులు దాటింది. తక్కువ వాచీలు, ఎక్కువ ధర అన్నది పరిశ్రమ సాగిన దిశ.

గిరాకీ అన్ని నమూనాలకూ సమానంగా లేదు. 1972లో వచ్చిన ఓడెమార్స్ పిగే ‘రాయల్ ఓక్’, 1976లో వచ్చిన పటేక్ ఫిలిప్ ‘నాటిలస్’ వంటి ఉక్కు వాచీల చుట్టూ, రోలెక్స్ ఉక్కు నమూనాలు కొన్నింటి చుట్టూ అది కేంద్రీకృతమైంది. 2021 ఆరంభంలో నాటిలస్ 5711 నమూనా నిలిపివేత వార్త వెలువడిన తరువాత పునర్విక్రయ విపణిలో అది దుకాణపు ధరకు మూడింతలకు పైగా పలికింది. దుకాణంలో ఒక ధర, వీధి దాటితే అంతకు ఎన్నో రెట్లు ఉన్నప్పుడు వాచీని కొనే అవకాశానికే విలువ ఏర్పడుతుంది. ఆ అవకాశాన్ని పంచే అధికారం విక్రేత చేతిలో ఉంటుంది. సేవా సంబంధం తలకిందులయ్యేది ఇక్కడే. సాధారణ విపణిలో కొనుగోలుదారు దుకాణాన్ని ఎంచుకుంటాడు; ఇక్కడ దుకాణం కొనుగోలుదారును ఎంచుకుంటుంది.

ప్రత్యామ్నాయ మార్గాలు తక్కువగా ఉండడం ఈ అధికారాన్ని మరింత బలపరిచింది. ఫ్రాన్స్‌లో తన అధీకృత విక్రేతలు ఆన్‌లైన్‌లో అమ్మకుండా నిషేధించినందుకు 2023 డిసెంబరులో ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ రోలెక్స్‌కు 9 కోట్ల 16 లక్షల యూరోల జరిమానా విధించింది. నకిలీలను, అనధికార విక్రయాలను అరికట్టడానికే ఈ నిషేధమన్న వాదనను ఆ సంస్థ అంగీకరించలేదు. విక్రయ మార్గంపై తయారీదారుకు ఉండే నియంత్రణ చట్టానికి అతీతం కాదని ఈ ఉదంతం తెలుపుతుంది.

3. వరుస లేని నిరీక్షణ

నిరీక్షణ భారతీయ వినియోగదారుకు కొత్త కాదు. టెలిఫోన్ కోసం, స్కూటర్ కోసం, వంటగ్యాస్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం ఇప్పటికీ ఉంది. ఆ నిరీక్షణ కష్టమైనదే, సిఫారసులకు అతీతమైనదీ కాదు. అయినా దానికొక నమోదు సంఖ్య ఉండేది. సంఖ్య ఉన్నచోట తన వంతును అడిగే హక్కు ఉంటుంది; వెనుకవాడు ముందుకు వెళితే నిలదీయడానికి ఆధారమూ ఉంటుంది.

లగ్జరీ వాచీల ‘వెయిటింగ్ లిస్టు’ పేరుకు జాబితాయే గానీ చాలా సందర్భాల్లో వరుస కాదు. ముందు వచ్చినవారికి ముందు అన్న నియమం దానికి లేదు. పేరు నమోదవుతుంది, స్థానం తెలియదు. గతంలో ఎంత ఖర్చు చేశారు, ఏ నగలు కొన్నారు, వాచీని తిరిగి అమ్ముకునే అవకాశం ఉందా అన్న అంచనాల మీద కేటాయింపు జరుగుతుంది. ఆ ప్రమాణాలు కొనుగోలుదారుకు రాతపూర్వకంగా తెలియవు.

నిరీక్షణ మనస్తత్వాన్ని గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం ఇక్కడ ఉపయోగపడుతుంది. అనిశ్చితమైన నిరీక్షణ నిశ్చితమైన నిరీక్షణ కన్నా, కారణం చెప్పని నిరీక్షణ కారణం చెప్పిన నిరీక్షణ కన్నా, అన్యాయంగా తోచే నిరీక్షణ న్యాయంగా తోచే నిరీక్షణ కన్నా దీర్ఘంగా అనిపిస్తుందని ఆయన సూత్రీకరించారు. వాచీల జాబితాలో ఈ మూడు లక్షణాలూ కలిసి ఉంటాయి. అందువల్ల కొనుగోలుదారును బాధించేది కాలవ్యవధి ఒక్కటే కాదు. రెండేళ్లు పడుతుందని స్పష్టంగా చెప్పిన దుకాణం కన్నా, చూద్దామని ఆరు నెలలు తిప్పుకున్న దుకాణమే అతనికి ఎక్కువ అవమానం కలిగించవచ్చు.

4. నిరాకరణలోని ఆకర్షణ

ఇంత అసౌకర్యం ఉన్నా కొనుగోలుదారు ఎందుకు వెనుదిరగడు? ప్రదర్శన కోసం చేసే వినియోగాన్ని థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే విశ్లేషించారు. దొరకడం కష్టమైన వస్తువు, ధరించినవారి స్థాయిని మరింత గట్టిగా చాటుతుంది. మోర్గన్ వార్డ్, డారెన్ డాల్ 2014లో ప్రచురించిన అధ్యయనం మరో అడుగు ముందుకు వేసింది. లగ్జరీ దుకాణంలో సిబ్బంది చిన్నచూపు చూసినప్పుడు, ఆ బ్రాండును ఆశించే వ్యక్తిలో దానిపై కోరిక తగ్గకపోగా పెరగవచ్చని వారు నిరూపించారు. సాధారణ బ్రాండ్ల విషయంలో ఈ ప్రభావం కనిపించలేదు. కాలం గడిచేకొద్దీ అది క్షీణిస్తుందని కూడా వారు గుర్తించారు.

ఈ చివరి అంశం కీలకమైనది. తిరస్కారం తక్షణ కోరికను రగిలించవచ్చు గానీ దీర్ఘకాలిక అనుబంధాన్ని నిర్మించదు. పునర్విక్రయ ధరలు 2022 తొలి నెలల్లో శిఖరానికి చేరి, ఆ తరువాత గణనీయంగా తగ్గాయి. గిరాకీ శిఖరాన ఉన్నప్పుడు కనిపించని సేవాలోపపు మూల్యం, గిరాకీ తగ్గినప్పుడు బయటపడుతుంది.

5. మౌనంగా మారే ఫిర్యాదు

అసంతృప్తి చెందిన వ్యక్తి ముందు రెండు మార్గాలు ఉంటాయని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వివరించారు. ఒకటి నిష్క్రమణ, రెండవది గొంతు విప్పడం. విధేయత ఈ రెండింటినీ ప్రభావితం చేస్తుంది. వాచీల జాబితాలో ఉన్న వ్యక్తికి ఈ రెండు మార్గాలూ ఖరీదైనవే. వెళ్లిపోతే అప్పటివరకు చేసిన కొనుగోళ్లు, చూసిన ఎదురుచూపు వృథా అవుతాయి. ఫిర్యాదు చేస్తే జాబితాలో తన స్థానం దిగజారుతుందన్న భయం ఉంటుంది. స్థానం ఏదో తెలియదు కనుక అది దిగజారిందని నిరూపించే మార్గమూ లేదు. ఫలితంగా అతడు విధేయుడిగా మిగులుతాడు. ఆ విధేయత సంతృప్తి నుండి పుట్టినది కాదు. వస్తువు కోసం ముందుగా చెల్లిస్తున్న అదనపు మూల్యం. కాబట్టి ఫిర్యాదుల సంఖ్య తక్కువగా ఉండడాన్ని ఈ రంగంలో సేవానాణ్యతకు నిదర్శనంగా స్వీకరించడం పొరపాటు.

ఉద్యోగి స్థితిని కూడా ఇక్కడ గమనించాలి. దుకాణానికి ఏ వాచీలు ఎన్ని వస్తాయో నిర్ణయించేది తయారీ సంస్థ. అందరికీ ఆశ కల్పించి, కొందరికే తీర్చగలిగే స్థితిలో చిరునవ్వుతో నిలబడవలసినవాడు ఉద్యోగి. ఉద్యోగ ధర్మంగా భావాలను అదుపు చేసుకునే శ్రమను ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ‘భావోద్వేగ శ్రమ’గా విశ్లేషించారు. నిజం చెప్పే అధికారం లేని ఉద్యోగికి మర్యాదలో శిక్షణ ఎంత ఇచ్చినా మూల సమస్య తీరదు.

విక్రేతల వాదనలోనూ బలముంది. ముందు వచ్చినవారికే అమ్మితే లాభం కోసం తిరిగి అమ్మేవారు వాచీలన్నీ చేజిక్కించుకుంటారనీ, నిజంగా ధరించదలచినవారికి మిగలవనీ వారంటారు. ఇది నిజమైన ఇబ్బందే. అయితే ఈ వాదన ఎంపికను సమర్థిస్తుంది గానీ గోప్యతను సమర్థించదు. ఎంపిక ప్రమాణాలను ప్రకటించి కూడా పునర్విక్రేతలను నివారించవచ్చు.

6. భారతీయ చట్టం: అవకాశాలు, పరిమితులు

హైదరాబాద్ వంటి నగరాల్లో అధీకృత విక్రేత వద్ద లగ్జరీ వాచీ కొనేవారికి వర్తించేది 2020 జులై 20న ప్రధానంగా అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇందులో నాలుగు నిబంధనలు ప్రస్తుత చర్చకు ముఖ్యమైనవి.

మొదటిది సెక్షన్ 2(7). మూల్యం చెల్లించి గానీ, చెల్లిస్తామని వాగ్దానం చేసి గానీ వస్తువును కొన్నవారే వినియోగదారులు. తిరిగి అమ్మడానికి కొన్నవారు ఈ నిర్వచనంలోకి రారు. జాబితాలో పేరు మాత్రమే ఉండి, అడ్వాన్సు చెల్లించని వ్యక్తి ఆ వాచీ విషయంలో తాను వినియోగదారునని స్థాపించడం కష్టం.

రెండవది సెక్షన్ 2(41). ఒక వస్తువు కొనాలంటే మరో వస్తువును కొనితీరాలన్న షరతును ఇది నిర్బంధ వాణిజ్య విధానంగా పరిగణిస్తుంది. నగలు కొంటేనే వాచీ అని విక్రేత చెబితే ఆ మాట ఈ నిబంధన పరిధిలోకి వస్తుంది. కానీ అలాంటి షరతు సాధారణంగా కాగితం మీదికి రాదు, సూచనగానే మిగులుతుంది. అంగీకరించిన గడువు దాటి సరఫరాను ఆలస్యం చేసి, ధర పెరుగుదలకు దారితీయడం కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. అసలు గడువే లేనప్పుడు ఆలస్యమన్న మాటకు చట్టపరమైన అర్థం ఉండదు.

మూడవది సెక్షన్ 2(47). బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, అలాంటి గడువు లేకుంటే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకొని సొమ్ము చెల్లించడానికి నిరాకరించడం అనుచిత వాణిజ్య విధానాలు. నాలుగవది సెక్షన్ 2(11). ఇది సేవలోని లోపాన్ని నిర్వచిస్తుంది. వారంటీ మరమ్మతులలో నిర్లక్ష్యం వంటి విక్రయానంతర ఫిర్యాదులకు ఇది ఆధారం. చెల్లించిన మూల్యం 50 లక్షల రూపాయలు మించనంతవరకు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ల లోపు దానిని దాఖలు చేయాలి.

ఈ నిబంధనలను కలిపి చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. కొన్న తరువాత ఎదురయ్యే లోపాలకు చట్టంలో రక్షణ ఉంది. కొనకముందు ఎదురయ్యే నిరాకరణకు, దాటవేతకు రక్షణ బలహీనంగా ఉంది. కొనుగోలుదారు మనశ్శాంతిని హరించే లోపాలే, అంటే క్రమసంఖ్య, గడువు, లిఖితపూర్వక కారణం లేకపోవడమే, అతని న్యాయపోరాటాన్నీ నిర్వీర్యం చేస్తున్నాయి.

7. ముగింపు

లగ్జరీ వాచీల విక్రయంలోని సేవాలోపం కొరత వల్ల మాత్రమే ఏర్పడినది కాదు. కొరతను పంచే పద్ధతి గోప్యంగా ఉండడమే దానికి ప్రధాన కారణం. నమోదు తేదీ, కేటాయింపు ప్రమాణాలు, అంచనా గడువు, ఇతర కొనుగోళ్లు షరతు కాదన్న హామీ, ఈ నాలుగింటితో ఒక చిన్న రసీదు ఇస్తే వాచీల సంఖ్య పెరగకపోయినా సేవానాణ్యత పెరుగుతుంది. వాచీ దక్కదని ముందే తెలిసినవారికి వేరే దారి చూసుకునే స్వేచ్ఛ లభిస్తుంది. ఉద్యోగికి నిజం చెప్పే వెసులుబాటు కలుగుతుంది. వివాదం తలెత్తితే కమిషన్ ముందు ఉంచడానికి ఒక ఆధారం ఉంటుంది.

పరిశోధకులు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. సంతృప్తి సర్వేలు సాధారణంగా వస్తువు కొన్నవారిని ప్రశ్నిస్తాయి. ఈ రంగంలో సేవాలోపాన్ని అత్యధికంగా చవిచూసినవారు కొనకుండానే వెనుదిరిగినవారు. మాట్లాడితే అవకాశం పోతుందన్న భయంతో మౌనంగా ఎదురుచూస్తున్నవారు వారి తరువాతి వరుసలో ఉంటారు. ఈ రెండు వర్గాల అనుభవాలను నమోదు చేయని అధ్యయనం ఏదైనా దుకాణపు వైభవాన్ని కొలవగలదే తప్ప అక్కడి సేవను కొలవలేదు.