పిల్లల ఆటలు: ఊరి చుట్టూ ఖాళీ జాగాలే.. అయినా రోజుకు గంట ఆట దొరకట్లేదా? చీడికాడ లాంటి పల్లెల్లో లెక్క ఇదీ!

పల్లెటూరి పిల్లలకేం.. రోజంతా గెంతుతూనే ఉంటారని అనుకుంటాం. చీడికాడ మండలాన్నే తీసుకోండి. ఒకప్పుడు విశాఖ జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ మండలంలో పొలాలు, గెడ్డలు, కొండలు, కోనాం రిజర్వాయర్.. జాగాకు కొదవ లేదు. కానీ ఖాళీ జాగా వేరు, పిల్లలు ఆడుకునే చోటు వేరు. పంట ఉన్న పొలంలో అడుగు పెట్టనివ్వరు. కళ్లం ఖాళీగా ఉండేది కొన్ని నెలలే. వీధిలో ఆడదామంటే బైకులు, ఆటోలు. మరి పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి?

ఎంత ఆట కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలి. వారంలో కనీసం 3 రోజులు ఎముకలు, కండరాలు గట్టిపడేలా పరుగులు, గెంతులు ఉండాలి. గంటసేపూ ఒకేసారి ఆడక్కర్లేదు.. ముక్కలు ముక్కలుగా కలిపినా చాలు. గుర్తుపట్టడం కూడా తేలికే. మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే అది లెక్కలోకి వచ్చినట్టే.

ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటిది బడి దారి. కిలోమీటరు దూరంలోని బడికి గబగబా నడిచి వెళ్లి వస్తే దాదాపు అరగంట అయిపోతుంది. ఇంటి ముందే స్కూల్ బస్సు ఎక్కే పిల్లలకు ఆ అరగంట పోయినట్టే. రెండోది బడిలో ఆటల పీరియడ్. దాన్ని లెక్కల పాఠానికి వాడేసుకుంటే అదీ పోయింది. మూడోది సాయంత్రం ఆట. ఆ టైమ్‌ని ట్యూషన్, ఫోన్ పంచుకుంటున్నాయి.

ఏ ఆట అన్నది కూడా ముఖ్యమే. క్రికెట్‌లో ఫీల్డింగ్ చేస్తూ నిలబడ్డ టైమ్ పెద్దగా కలిసిరాదు. కబడ్డీ, ఖోఖో, ఏడుపెంకులాటలో అయితే పరుగు ఎక్కువ.

ఆడపిల్లల లెక్క వేరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 146 దేశాల్లోని 16 లక్షల మంది విద్యార్థుల వివరాలతో 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. 11 నుంచి 17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి ఈ గంట కదలిక లేదని తేలింది. మన దేశంలో అది 73.9 శాతం. కాస్త నయమే. కానీ ఎందుకు నయం? మన దగ్గర మగపిల్లలు వీధుల్లో క్రికెట్ ఆడటం, ఆడపిల్లలు ఇంటి పని చేయడం కారణం కావచ్చని పరిశోధకులే అన్నారు. అంటే తమ్ముడు బ్యాటు పట్టుకుని బయటికెళ్తే.. అక్క బిందె, చీపురు పట్టుకుంటోంది. ఒళ్లు ఇద్దరికీ కదిలింది, ఆట మాత్రం ఒక్కరికే దక్కింది.

సెలవుల్లో నీళ్ల దగ్గర జాగ్రత్త

బడి మూసేస్తే పిల్లల చూపు చెరువు, గెడ్డ వైపు మళ్లుతుంది. ప్రపంచవ్యాప్తంగా 5-14 ఏళ్ల పిల్లల మరణాలకు ప్రధాన కారణాల్లో నీట మునగడం మూడోది. ఈత మంచి వ్యాయామమే. కానీ ఈత వచ్చిన పెద్దవాళ్లు ఒకరు గట్టు మీద ఉండి చూసుకోవాలి.

తల్లిదండ్రులు ఏం చేయొచ్చు?

ప్రతి బడికీ ఆటస్థలం, ఆట వస్తువులు ఉండాలని 2009 విద్యా హక్కు చట్టమే చెబుతోంది. ఊళ్లో బండ్లు రాని, పంట పెట్టని, నీళ్లు లేని చోటు చాలాసార్లు అదొక్కటే. బడి వదిలాక దానికి తాళం పడితే పిల్లలు మళ్లీ రోడ్డు మీదకో, ఫోన్ దగ్గరికో వెళ్తారు.

సర్కారు బడుల్లో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలు ఉంటాయి. చట్టం ప్రకారం వీటిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక వేసేదీ ఈ కమిటీయే. సాయంత్రం గంటసేపు గేటు తెరిచి ఉంచాలని, అందులో అమ్మాయిలకూ ఆట ఉండాలని, చూసుకోవడానికి పెద్దలు వంతులు వేసుకోవాలని ఆ మీటింగ్‌లో అడగొచ్చు. ఇంట్లో చేయాల్సింది ఇంకా చిన్న పని. ఆ గంట బిందెను తమ్ముడి చేతికిచ్చి, అక్కని ఆటకి పంపితే చాలు.