విడిభాగాలతో ఎలక్ట్రిక్ గిటారు



ఇంట్లో పదహారు పదిహేడేళ్ల పిల్లలున్నారంటే ఎప్పుడో ఒకప్పుడు గిటారు మాట రాక తప్పదు. ఈమధ్య దానికి ఇంకో మాట తోడైంది. "దుకాణంలో తయారుగా ఉన్నది నాకొద్దు. భాగాలు విడివిడిగా తెప్పించి నేనే బిగించుకుంటాను" అంటున్నారు. పెద్దలకు ఇది డబ్బు నీళ్లలో పోయడంగా కనిపిస్తుంది. పిల్లలకేమో స్క్రూడ్రైవరు ఉంటే చాలు, ఒక్క పూటలో అయిపోయే పనిగా కనిపిస్తుంది. నిజం ఈ రెండింటికీ మధ్య ఉంది. బిగించడం పెద్ద కష్టం కాదు. ఒకదానికొకటి సరిపోయే భాగాలను ఎంచుకోవడంలోనే కష్టమంతా ఉంది, డబ్బు పోయేది కూడా అక్కడే.

అసలు ఒక వాయిద్యాన్ని భాగాలుగా కొనడం ఎలా సాధ్యమైంది? మన వీణనే చూడండి. బొబ్బిలిలో కుండనూ దండినీ ఒకే పనస దుంగలో తొలుస్తారు. మెట్లను మైనంలో కూర్చి, చెవితో వింటూ ఒక్కొక్కదాని చోటు నిర్ణయిస్తారు. ఒక వీణ మెట్టు తీసి ఇంకో వీణకు పెడతామంటే కుదరదు. ప్రతి వీణా దానికదే.

ఎలక్ట్రిక్ గిటారు కథ వేరు. దీనికి ఈ రూపమిచ్చిన లియో ఫెండర్ వాయిద్యాలు చేసే వంశంలో పుట్టినవాడు కాదు. ఆయనకు గిటారు వాయించడమే రాదు. లెక్కల పద్దులు చదువుకుని, 1938లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియో మరమ్మతుల దుకాణం పెట్టుకున్నాడు. చెడిన భాగం తీసి కొత్తది వేయడం రేడియో బాగుచేసేవాడికి అలవాటైన పని. 1950లో ఆయన కంపెనీ అమ్మకానికి తెచ్చిన గిటారులో ఆ ఆలోచనే కనిపిస్తుంది. మెడను బాడీకి జిగురుతో అతికించలేదు, నాలుగు స్క్రూలతో బిగించారు. మెడ పాడైతే విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ కూడా ఇదే పద్ధతి. ఈ రోజు విడిగా దొరికే భాగాలలో ఎక్కువ వాటికి ఈ రెండు నమూనాలే మూలం.

పేరున్న వాద్యకారులు కూడా ఈ పని చేశారు. ఎరిక్ క్లాప్టన్ 1970లో అమెరికాలో పాత స్ట్రాటోకాస్టర్లు ఆరు కొని, మూడు స్నేహితులకిచ్చి, మిగిలిన మూడింటిలోని మంచి భాగాలతో ఒకటి కూర్చుకున్నాడు. అదే 2004 వేలంలో 9,59,500 డాలర్లకు పోయింది. ఎడ్డీ వాన్ హేలెన్ అయితే 1970లలో తయారీలో పక్కన పెట్టేసిన బాడీని 50 డాలర్లకూ, మెడను 80 డాలర్లకూ కొని, గిబ్సన్ గిటారు నుండి తీసిన పికప్ దానికి పెట్టుకున్నాడు. 1978లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్‌తో ఆ గిటారు ప్రసిద్ధికెక్కింది. ఈ కథలు విని ఆశపడవద్దు. వాళ్ల పేరు వల్లనే ఆ గిటార్లకు ఆ విలువ. మీరూ నేనూ కూర్చిన గిటారును మళ్లీ అమ్మబోతే, మామూలుగా భాగాలకు పెట్టిన డబ్బు కూడా రాదు. లాభం కోసం చేసే పని కాదిది.

ఇక అసలు విషయానికి వద్దాం. గిటారు తలకూ మెడకూ మధ్య తీగలు ఆనే చిన్న ముక్క ఒకటుంటుంది. దానిని నట్ అంటారు. బాడీ మీద తీగలు ఆనే చోటును బ్రిడ్జి అంటారు, వీణలో గుర్రం వంటిది. ఈ రెండింటి మధ్య దూరమే గిటారుకు ప్రాణం. ఫెండర్ పద్ధతిలో ఇది 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ పద్ధతిలో ఇది 24.75 అంగుళాలుగా చెప్తారు, సుమారు 628 మిల్లీమీటర్లు.

ఈ దూరం ఎందుకంత ముఖ్యం? గిటారు మెట్లు మైనంలో లేవు, చెక్కలో దిగగొట్టి ఉంటాయి. చెవితో విని జరపడానికి వీల్లేదు. వాటి చోట్లన్నీ లెక్కతో వచ్చినవే. మొత్తం నిడివిని 17.817తో భాగించండి, మొదటి మెట్టు దూరం వస్తుంది. 648కి అది 36.37 మిల్లీమీటర్లు. మిగిలిన 611.63ను మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే 34.33. మొదటి మెట్టు నుండి రెండవ మెట్టుకు దూరం అదే. ఇలా పోతే పన్నెండవ మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. తీగను సగానికి నొక్కితే పై స్థాయి షడ్జం పలకాలి కదా, అందుకు. పదవ తరగతి పిల్లవాడు కాగితం మీద చేయగల లెక్క ఇది. గుణశ్రేఢి ఎందుకు పనికొస్తుందని అడిగే పిల్లలకు ఒక గిటారు మెడ, ఒక స్కేలు ఇచ్చి కొలవమనండి.

దీన్ని బట్టి మెడను చేసినవాడే బ్రిడ్జి ఎక్కడుండాలో కూడా నిర్ణయించేశాడన్నమాట. 648 మెడను 628 లెక్కతో రంధ్రాలు వేసిన బాడీకి బిగిస్తే రెండూ చక్కగా అతుక్కోవచ్చు, చూడడానికి ముచ్చటగానూ ఉండవచ్చు. పలికేది మాత్రం అపశ్రుతే. ఏ పికప్ వేసినా, ఎంత మంచి తీగలు కట్టినా అది బాగుపడదు. కాబట్టి కొనేముందు అమ్మేవారిని మొదట అడగవలసింది రంగు గురించి కాదు, ఈ నిడివి గురించి. బాడీ మీద బ్రిడ్జి రంధ్రాలు వేసి ఉండకపోతే, మెడ బిగించి, నట్ నుండి పన్నెండవ మెట్టుకు కొలిచి, అక్కడి నుండి అంతే దూరంలో సన్న తీగ ఆనేలా గుర్తు పెట్టుకోండి. లావు తీగలకు ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపే వీలుండాలి.

తరువాతిది మెడ కూర్చునే గాడి. ఫెండర్ కొలతలో మెడ మడమ వెడల్పు 56 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, గాడి లోతు సుమారు 16. చవక బాడీలలో ఈ గాడి ఒక మిల్లీమీటరు వదులుగా ఉన్నా మెడ పక్కకు వాలుతుంది. స్క్రూలు పూర్తిగా బిగించకముందే తాపీమేస్త్రీ దారం పట్టినట్లు పట్టి చూడండి. తలలోని రెండు చివరి బిరడాల నుండి నట్ గాళ్ల మీదుగా బ్రిడ్జి వరకు రెండు దారాలు లాగితే, మెడ రెండంచులకూ సమాన దూరంలో పోవాలి. ఒకవైపు దారం అంచు దాటితే, వాయించేటప్పుడు ఆ తీగ మెడ మీది నుండి జారిపోతుంది.

బ్రిడ్జిలోనూ రెండు తెగలున్నాయి. పాత స్ట్రాటోకాస్టర్ బ్రిడ్జి ఆరు స్క్రూల మీద నిలుస్తుంది, మొదటి తీగ నుండి ఆరవ తీగకు 56 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. కొత్త తరహాది రెండు స్తంభాల మీద నిలుస్తుంది, తీగల వెడల్పు 52 పైచిలుకు. ఒకదాని రంధ్రాలు ఇంకోదానికి పనికిరావు. బాడీ మందం సుమారు 45 మిల్లీమీటర్లు ఉండాలి. 40 మాత్రమే ఉన్న బాడీలో మామూలు బ్రిడ్జి కింది ఇనుప దిమ్మ వెనకనుండి బయటికి పొడుచుకొస్తుంది. స్ట్రాటోకాస్టర్ తరహా అని పెట్టె మీద రాసినంత మాత్రాన కొలతలు కలుస్తాయని నమ్మవద్దు. అంగుళాల దేశంలో పుట్టిన వస్తువును మిల్లీమీటర్ల దేశాలు చేస్తున్నాయి, తేడాలు అక్కడే వస్తాయి.

మెడకు వాడే మేపుల్ గట్టి చెక్క. రంధ్రం వేయకుండా స్క్రూ తిప్పితే స్క్రూ తల తెగి, మొండెం లోపలే ఉండిపోతుంది. 8వ నంబరు స్క్రూకు సుమారు 3.2 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, మరకు కొవ్వొత్తి మైనం రాసి తిప్పండి. ఎంత లోతు దిగాలో డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే అవతలివైపు పొడుచుకురాదు.

చెక్క మాటకొస్తే మనవారికి తెలియవలసిన సంగతి ఒకటుంది. చాలా గిటార్ల మెడ మీద మెట్లుండే నల్లటి పలక మన జిట్రేగి. కన్నడిగులు బీటె అనేది దీనినే. బ్రెజిల్ జిట్రేగి కరువై 1960ల మధ్య నుండి అమెరికా కంపెనీలు మన దేశపు చెక్కకు మళ్లాయి. 2017 జనవరిలో ఈ జాతి చెట్లన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీద అనుమతి పత్రాల నిబంధన వచ్చింది. 2019 నవంబరులో తయారైన వాయిద్యాలకు, వాటి భాగాలకు దానినుండి మినహాయింపు ఇచ్చారు. బాడీకి ఏ చెక్క మంచిదన్నదానిపై వాదనలకు అంతు లేదు. నా మటుకు నేను మొదటి గిటారుకు చెక్క మీద పెట్టే డబ్బు మెడ మీద పెట్టమంటాను. చేతికి తగిలేది మెడే.

పికప్ సంగతి రేడియో వినేవారికి సులభంగా అర్థమవుతుంది. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక వంటి రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు చుడతారు. దాని పైన ఉక్కు తీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌లోనూ పనిచేసింది ఇదే. ఒకే చుట్ట ఉన్న పికప్ ఇంటి కరెంటు గుర్రును కూడా పట్టుకుంటుంది. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపితే ఆ గుర్రు ఒకదానితో ఒకటి కొట్టివేసుకుంటుంది. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ 1955లో చేసిన పని అదే.

ఒక చుట్ట పికప్‌కు 250 కిలో ఓముల వాల్యూమ్ కంట్రోలు, రెండు చుట్టల దానికి 500 కిలో ఓములది వేస్తారు. టోన్ కంట్రోలుకు 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్ కెపాసిటరు. ఇవి బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో, చెన్నై రిచీ స్ట్రీటులోనో వెతకవచ్చు. కానీ కంట్రోలు మెడ ప్లేటు రంధ్రంలో పడుతుందో లేదో కొలిచి చూసుకోండి. అమెరికా తరహా రంధ్రం 9.5 మిల్లీమీటర్లు, మెట్రిక్ తరహాది అంతకంటే చిన్నది. కంట్రోలు వీపు మీద సోల్డరింగ్‌కు బలహీనమైన ఐరన్ పనికిరాదు. 40 నుండి 60 వాట్లది అయితే రెండు మూడు క్షణాల్లో అతుకుతుంది, లోపలి పట్టీ కాలదు.

ఒక తీగ మాత్రం మరువరాదు. బ్రిడ్జి నుండి కంట్రోలు వీపుకు ఒక వైరు పోవాలి. దానివల్ల గుర్రు తగ్గుతుంది. అయితే దానివల్లనే వాయించేవాని వేళ్లు యాంప్లిఫైయరు లోహపు పెట్టెతో కలిసి ఉంటాయి. యాంప్లిఫైయరుకు ఎర్తు లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. 1972లో వేల్స్ దేశపు స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారు కళాకారుడు వేదిక మీద ఎర్తు సరిగా లేని మైకును తడి చేతులతో తాకి మరణించాడు. మన ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్టులోకి దూర్చే అలవాటు ఇంకా ఉంది. గిటారుకు పెట్టే ఖర్చులో మొదటిది ఎలక్ట్రీషియనుకు పెట్టండి. ఎర్తు చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. వాల్వు యాంప్లిఫైయరును పిల్లలు విప్పనే కూడదు, ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

తల మీద అతికించుకోవడానికి పెద్ద కంపెనీల పేర్ల స్టిక్కర్లు కూడా దొరుకుతాయి. బాడీ ఆకారాల మీద ఫెండర్ కోరిన ట్రేడ్‌మార్క్‌ను 2009లో అమెరికాలో నిరాకరించారు. పేరు, తల ఆకారం మాత్రం వారి సొంతమే. వారి దగ్గర అనుమతి తీసుకుని మెడలు చేసే వర్క్‌షాపులు కూడా ఆ పేరు వేయవు. మీరు చేసినదాని మీద మీ పేరు రాసుకోండి, ఇంకొకరిది ఎందుకు?

తీగలు కట్టాక ఆరు తీగలూ కలిసి మెడను 40 నుండి 47 కిలోల బరువుతో లాగుతాయి. మెడ లోపలి ఇనుప కడ్డీ ఆ లాగుడును ఆపుతుంది. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ నొక్కి పట్టి చూస్తే ఏడవ మెట్టు దగ్గర తీగ కింద పావు మిల్లీమీటరు సందు ఉండాలి. ఎక్కువుంటే కడ్డీ మరను బిగించాలి, లేకపోతే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టు మించవద్దు. పన్నెండవ మెట్టు మీద తీగ ఎత్తు 1.6 నుండి 2 మిల్లీమీటర్ల మధ్య పెట్టుకోండి. తరువాత ఫోనులోని ట్యూనరు దగ్గర ఉంచుకుని, పన్నెండవ మెట్టు పైన తీగను ఊరికే తాకి మీటండి, ఆపై నొక్కి మీటండి. నొక్కినది హెచ్చు పలికితే బ్రిడ్జి మీది ఆనిక ముక్కను వెనక్కి, తగ్గు పలికితే ముందుకు జరపాలి. ఆరింటికీ ఓపికగా చేయండి.

రెండు మూడు వారాలకు మెడ కాస్త కదులుతుంది, మళ్లీ చూసుకోవాలి. యానాం, బరంపురం వైపు తేమకు చెక్క ఉబ్బుతుంది. బళ్లారి ఎండల్లో ఎండి ముడుచుకుని, మెట్ల కొసలు అంచున వేలికి గుచ్చుకుంటాయి. అప్పుడు సన్న ఆకురాయితో ఆ కొసలు మాత్రమే రుద్దండి, మెట్టు పైభాగాన్ని తాకవద్దు.