133 ఏళ్లకోసారి వచ్చే చుట్టం

2126 ఆగస్టు 14. ఈ తేదీ 1992లో చాలామంది గుండెల్లో గుబులు పుట్టించింది. ఆ రోజు ఓ తోకచుక్క భూమిని ఢీకొట్టొచ్చన్న వార్త అప్పట్లో ప్రపంచమంతా గుప్పుమంది మరి!

దాని పేరు స్విఫ్ట్-టటిల్. అమెరికాకు చెందిన లూయిస్ స్విఫ్ట్, హొరేస్ టటిల్ 1862 జులైలో మూడు రోజుల తేడాతో ఎవరికివారే కనిపెట్టడంతో ఇద్దరి పేర్లూ పెట్టేశారు. ఓసారి సూర్యుణ్ని చుట్టి రావడానికి దానికి దాదాపు 133 ఏళ్లు పడుతుంది. వచ్చినప్పుడు ఇంచుమించు భూకక్ష్య పక్కనుంచే వెళుతుంది. పోయినప్పుడు ప్లూటోని కూడా దాటేస్తుంది. కేంద్రకం వ్యాసం సుమారు 26 కిలోమీటర్లు. డైనోసార్లను తుడిచిపెట్టిన గ్రహశకలం 10 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుందని అంచనా. అదీ భయానికి కారణం!

నిజానికి ఇది 1981 ప్రాంతంలోనే రావాలి. రాలేదు. 1737లో బీజింగ్‌లో కెగ్లర్ అనే మతబోధకుడు చూసిన తోకచుక్క కూడా ఇదే అయితే 1992లో వస్తుందని ముందే లెక్కకట్టినవాడు బ్రియాన్ మార్స్‌డెన్. ఆయన మాటే నిజమైంది. ఆ సెప్టెంబరులో జపాన్‌కు చెందిన కియుచి పెద్ద బైనాక్యులర్స్‌తో దాన్ని పట్టేశాడు. కాకపోతే సూర్యుడి దగ్గరికి చేరడంలో లెక్కకీ వాస్తవానికీ 17 రోజుల తేడా వచ్చింది. వచ్చేసారీ అలాగే రెండు వారాలు ఆలస్యమైతే? భూమి, తోకచుక్క ఒకే చోటికి చేరొచ్చు!

ఇలాంటి తేడాలు తోకచుక్కలకు మామూలే. సూర్యుడి వేడికి మంచు ఆవిరై పిచికారీలా ఎగజిమ్ముతుంది. ఆ తోపుడుకి దారి కాస్త పక్కకు జరుగుతుంది. మరి దీని సంగతి తేల్చేదెలా? చైనా పాత రికార్డులు తిరగేశారు. క్రీ.పూ.69లో, క్రీ.శ.188లో అక్కడివాళ్లు చూసింది కూడా దీన్నేనని తేలింది. రెండువేల ఏళ్ల దారి దొరికేసరికి లెక్క కుదిరింది. ఏ బరువుని చూసి భయపడ్డామో ఆ బరువు వల్లే ఇది పిచికారీలకు పెద్దగా చలించదట!

2126 జులైలో సూర్యుణ్ని చుట్టి, ఆగస్టు మొదట్లో మనకు సుమారు 2.3 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెళ్లిపోతుంది. అంటే చందమామకన్నా 60 రెట్లు దూరం. 1997లో మనమంతా చూసిన హేల్-బాప్‌లా మామూలు కంటికే కనిపిస్తుందంటున్నారు.

అప్పటిదాకా ఆగడం మనవల్ల కాదు కదా! ఏటా ఆగస్టు 12, 13 తేదీల్లో అర్ధరాత్రి దాటాక డాబా ఎక్కి ఈశాన్యం వైపు చూడండి. రాలే ఉల్కలు ఇది వదిలిన ధూళే. మనకది వానాకాలం... మబ్బులు కరుణించాలి!