ఒకే టిఫిన్, ఇద్దరికి రెండు రకాల షుగర్

పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చే పెద్దల్లో అక్కడక్కడా ఒకరికి మోచేతి పైన, చేతి వెనకవైపు గుండ్రటి తెల్ల బిళ్ల కనిపిస్తోంది. పిల్లలు అదేంటని అడుగుతున్నారు. అది షుగర్‌ను రాత్రింబవళ్లు కొలిచే సెన్సార్. డాక్టర్లు సీజీఎం అంటారు.

మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లు తక్కువే. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, ఐసీఎంఆర్ కలిసి చేసిన సర్వే 2023లో వచ్చింది. దాని ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారు. మనం తినే తిండిలో శక్తి 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని అదే బృందం తర్వాత చెప్పింది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోసె తినే మనకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ల్యాబ్‌లో చేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష సుమారు మూడు నెలల సగటు చెబుతుంది. అది పరీక్షలో వచ్చిన టోటల్ పర్సంటేజీ లాంటిది. ఏ సబ్జెక్టులో మార్కులు పోయాయో అందులో తెలియదు. సీజీఎం సబ్జెక్టులవారీగా చూపిస్తుంది. దాని కింద ఉండే సన్నటి తీగ చర్మంలోకి అర సెంటీమీటరు దిగుతుంది. అది కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే నీటిని. అందుకే వేలికి గుచ్చి చూసిన లెక్క కంటే కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. మన దగ్గర దొరికే సెన్సార్ సుమారు రెండు వారాలు పనిచేస్తుంది.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 800 మందికి ఇలాంటి సెన్సార్లు పెట్టి చూసి, 2015లో ఫలితం ప్రకటించారు. ఒకే తిండికి ఒకరి షుగర్ బాగా పెరిగితే మరొకరిది పెద్దగా కదల్లేదు. కాబట్టి పక్కింటివాళ్ల డైట్ చార్ట్ మన ఇంట్లో పనిచేయకపోవచ్చు.

మన వంటింట్లో ఎలా చూడాలంటే, నాలుగు ఇడ్లీలు తిన్న రోజు రెండు గంటల గ్రాఫ్ చూడండి. మరో రోజు అదే సమయానికి రెండు ఇడ్లీలు, ఒక కప్పు సెనగల గుగ్గిళ్లు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండుమూడు సార్లు చూడాలి. ఎందుకంటే నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా అదే ఇడ్లీకి అంకె మారుతుంది. సంగటి మంచిదని గుడ్డిగా నమ్మేవాళ్లు ఆ పరీక్ష తప్పక చేయాలి. రాగి కూడా పిండి పదార్థమే. అందులో బియ్యం ఎంత వేశారు, ముద్ద ఎంత సైజు, పక్కన అనపకాయల కూర ఉందా, ఉత్త పులుసేనా అన్నదాన్ని బట్టి గ్రాఫ్ మారుతుంది. శ్రీసిటీలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు అర్ధరాత్రి భోజనాన్ని విడిగా చూసుకోవాలి. ఆ వేళకు శరీరం చక్కెరను పగటిలా సర్దుకోలేదు.

తినే వరుస కూడా ముఖ్యమే. అమెరికాలోని వీల్ కార్నెల్‌లో డాక్టర్ అల్పనా శుక్లా బృందం 2015లో 11 మంది షుగర్ రోగులతో చిన్న పరీక్ష చేసింది. కూరగాయలు, మాంసం ముందు తిని బ్రెడ్ చివర తింటే, గంట తర్వాత షుగర్ సుమారు 37 శాతం తక్కువగా ఉంది. కూర ముందు, అన్నం తర్వాత. ఖర్చు లేదు, సెన్సార్ కూడా అక్కర్లేదు!

పొద్దున ఏమీ తినకముందే షుగర్ పెరిగిందని కొందరు రాత్రి తిన్న చపాతీని తిడతారు. తెల్లవారుజామున కాలేయం తనంతట తానే చక్కెర వదులుతుంది. గ్రాఫ్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. దానికి మందు సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి, రాత్రి భోజనం మానేయడం కాదు.

నాకు భయం వేసేది ఇక్కడే. అంకె చూసి అన్నం సగం చేసి, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర మాత్రం అలాగే వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. గ్రాఫ్ బాగుందని మాత్ర సొంతంగా మానేయడమూ అంతే తప్పు. ఇంకొకటి, వడ, వేపుడు తింటే గీత పెద్దగా లేవకపోవచ్చు. అంతమాత్రాన అవి మంచివి కావు. కొలెస్ట్రాల్ ఆ గ్రాఫ్‌లో కనిపించదు.

సెన్సార్ ఉన్న చేతి మీద పడుకుంటే అంకె తక్కువగా చూపించవచ్చు. ఒంట్లో తేడాగా అనిపించి, అంకె దానికి సరిపోకపోతే వేలికి గుచ్చి చూసుకోండి. పెద్దవాళ్లలో చాలామందికి లక్ష్యం రోజులో 70 శాతం సమయం, అంటే సుమారు 17 గంటలు, 70 నుంచి 180 మధ్య ఉండటం. ముసలివాళ్లకు డాక్టర్ ఈ లెక్క సడలిస్తారు.

సెన్సార్ ఖరీదు వేలల్లో ఉంటుంది. ప్రతి నెలా అక్కర్లేదు. ఒక్క 14 రోజులు పెట్టుకుని, ఏం తిన్నారో, ఎంత నడిచారో నోట్‌బుక్‌లో రాసుకుని, రెండూ డాక్టర్‌కు చూపిస్తే చాలామందికి సరిపోతుంది. షుగర్ లేనివాళ్లు సరదాకు కొనక్కర్లేదు. భోజనం తర్వాత కాస్త పెరగడం అందరికీ మామూలే.

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల సంగతి వేరు, వాళ్లకు ఇది రోజూ అవసరం కావచ్చు. మీ బిడ్డకు సెన్సార్ ఉంటే క్లాస్ టీచర్‌కు, పీఈటీ సార్‌కు ముందే చెప్పండి. బ్యాగులో గ్లూకోజ్ ప్యాకెట్ పెట్టి, అది ఏ అరలో ఉందో కూడా చెప్పండి.