పుట్టలోని పొత్తు
పుట్టపర్తి పేరులోనే పుట్ట యున్నది. చిత్రావతీతీరమున నీ పల్లె చుట్టు పుట్టలు పెరుగుటచే ఆ పేరు కలిగినదని ఐతిహ్యము. లోకము చీమల కంటగట్టినను, పుట్ట పెట్టునవి చెదలే. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొను ఈ ఎఱ్ఱనేలలో వానపాములకు చోటు తక్కువ. ఎండుటాకును, పేడను మట్టిలో కలుపు పని చాలవఱకు చెదలదే. తెచ్చిన పుల్లను అవి తామే అరిగించుకొనజాలవు. పుట్టలోపల బూజుతోట పెంచి, అది మెత్తబఱచినదానిని తినును. తొలకరి పిమ్మట ఆ బూజే పైకి గొడుగెత్తును. పుట్టగొడుగను మాటలో మన పెద్దలు ఈ చెలిమిని ఎన్నడో గుర్తించినారు! వాన వెలిసిన సాయంకాలము ఉసిళ్లు లేచినచో కప్పలకు, పక్షులకు విందు. చెదలు విడిచిన పుట్టలో పాము చేరి చేని ఎలుకలను పట్టును.

కాని వాన తప్పిన యేట ఈ చెదలే వేరుసెనగ కాయల పైతొక్కను గీకివేయును. అప్పుడు రైతు గడ్డపాఱతో పుట్టను త్రవ్వి రాణిచెదను వెదకును, ఆతనిని తప్పుపట్టజాలము. చెదలు పోయిన పుట్టపై మరుసటి తొలకరికి గొడుగు మొలవదు.